అంట్ల పుస్తకం

సర్వరు మీద దుమ్ము తుడవాలి. తడిగుడ్డ వాడొద్దు.

మూడు మెషీన్లూ ఆన్ చేసి, ఏది ఎన్ని నిమిషాలకు పడిపోయిందో కాగితం మీద రాయాలి.

ఆఫీసు మెషీన్లో ఎక్కించిన తెలుగు ఫాంట్లన్నీ పీకెయ్యాలి. రోగం అదే.

గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు మార్చాలి. ఇది నాన్నగారి ఆర్డరు.

ఎవరి ఫైళ్ళు వాళ్ళు తీసేసుకోవాలి. సోమవారం పొద్దున పదింటికి మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాను. తర్వాత ఏడిస్తే నా పూచీ లేదు.

ఈ జాబితా శనివారం పొద్దున ఎనిమిదింటికి సుసన్నా ఫోనుకు వచ్చింది. పంపినవాడు రాజేష్. నూజివీడు నుంచి మైలవరం పోయే రోడ్డు మీద మామిడికాయల వ్యాపారం చేసే సుబ్రహ్మణ్యం గారికి ఒక్కగానొక్క కొడుకు. నాలుగేళ్ళ ఇంజినీరింగును ఆరేళ్ళు చదివాడు. హైదరాబాదులో పదకొండు నెలలు ఉద్యోగం చేసి వచ్చి, ఆ పదకొండు నెలల గురించి ఐదేళ్ళుగా మాట్లాడుతున్నాడు. తనకు తెలియదని అతను ఒప్పుకున్న విషయం ఇంతవరకూ ఒక్కటీ లేదు. తెలిసిన విషయాన్ని కూడా ఎవరూ చూడలేదు.

సుసన్నా వాళ్ళ ఆఫీసులో గుమాస్తా. బిల్లులు కొడుతుంది, ఫోన్లు ఎత్తుతుంది, లారీల నంబర్లు రాస్తుంది. వాళ్ళింట్లో డిగ్రీ పట్టా గోడకు తగిలించుకున్న మొదటి మనిషి ఆమే. బీయస్సీ కంప్యూటర్స్. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, అడిగినదానికి ఉన్నదున్నట్టు చెబుతుంది. ఈ రెండో అలవాటు వల్ల ఆఫీసులో ఆమెకు పెద్దగా స్నేహితులు లేరు.

జాబితాలో మొదటి నాలుగు పనులూ ఆమె చదివి ఊరుకుంది. ఐదోది మాత్రం రెండోసారి చదివింది. ఆ సర్వరులో ఆమె తాతయ్య పుస్తకం ఉంది. ఇంకెక్కడా లేదు. సోమవారం పదింటిలోగా దాన్ని బయటికి తీయకపోతే ఇక ఉండదు.

సలోమోను తాత యాభై ఏళ్ళు మామిడి అంట్లు కట్టాడు. టెంక మొలిచిన మొక్కను ఏటవాలుగా కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను దానికి జతచేసి, రెండూ ఒక్క ప్రాణం అయ్యేదాకా కట్టు విప్పకుండా కాపాడటం ఆయన పని. ముసునూరు నుంచి జి. కొండూరు దాకా ఏ తోటలో ఏ చెట్టు ఏ తల్లిచెట్టు పుల్లతో లేచిందో, ఆ కట్టు ఏ చేతిదో ఆయనకు నోటికి వచ్చు. తోటల యజమానుల పేర్లు పట్టాల్లో ఉన్నాయి. కట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఆయన తలకాయలో తప్ప ఎక్కడా లేవు. అందుకని పోయినేడు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చెప్పడం, సుసన్నా ఫోనులో రికార్డు చేసుకోవడం, సోమవారం సాయంత్రం పని అయిపోయాక ఆఫీసు కంప్యూటరులో టైపు చేయడం. ఫోనులో జాగా చాలక, టైపు అయిన రికార్డు అయినట్టు తీసేసేది. అలా నాలుగు వందల ఆరు చెట్లు ఎక్కాయి. జనవరిలో తాతకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. 'ఊఁ', 'కాదు' అనే రెండు మాటలు మిగిలాయి. ఆ రెండు మాటలతో నాలుగు వందల ఆరు చెట్లు ఇంకోసారి చెప్పించడం ఎవరివల్లా కాదు.

ఫైలుకు సుసన్నా పెట్టిన పేరు 'అంట్ల పుస్తకం'. రాజేష్ ఆ పేరు చూసి కుర్చీలో వెనక్కి వాలి మరీ నవ్వాడు.

"అంట్ల పుస్తకం ఏంటి? ఏ రోజు ఎన్ని గిన్నెలు తోమావో రాస్తున్నావా?"

"మామిడి అంట్లండీ. మీ నాన్నగారి తోట కూడా ఉందండీ అందులో."

"మా తోటకి నీ రాత ఎందుకు? మా దగ్గర డాక్యుమెంట్లున్నాయి."

డిసెంబరులోనే ఆమె పెన్‌డ్రైవులో ఒక కాపీ తీసుకుంటానని అడిగింది. రాజేష్ ఒప్పుకోలేదు.

"నీ పెన్‌డ్రైవు నా సర్వరుకి తగలడానికి వీల్లేదు. ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో అది. లోపల రెండు డిస్కులున్నాయి, ఒకటి పోతే రెండోది ఉంటుంది. అదే బ్యాకప్పు. డిగ్రీలో చెప్పలేదా?"

"అది బ్యాకప్పు కాదని చెప్పారండీ."

"ఏ కాలేజీ?" అన్నాడతను. జవాబు కోసం ఆగలేదు. జవాబు కావలసిన ప్రశ్న కాదది. ఆ మర్నాడే ఆఫీసు మెషీనుకు ఇంటర్నెట్టు కూడా కోసేశాడు, భద్రత పేరు చెప్పి.

ఇప్పుడా భద్రమైన సర్వరే నెల రోజులుగా పడిపోతోంది. అసలు ఉన్నది ఒకటే పెట్టె. దాని లోపల మూడు మెషీన్లు వేరువేరుగా ఉన్నట్టు ఏర్పాటు చేశారు. ఒక ఇంటిని మూడు వాటాలు చేసి మూడు కుటుంబాలకు అద్దెకిచ్చినట్టన్నమాట. ఎవరి గుమ్మం వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది, పునాది మాత్రం అందరికీ ఒకటే. మొదటి వాటాలో గోడౌను కెమెరాలు. రెండో వాటాలో ఆఫీసు వాళ్ళ పాత విండోస్. పాత తెలుగు టైపు సాఫ్ట్‌వేరు అందులో తప్ప పనిచేయదు కనుక పుస్తకం కూడా అందులోనే ఉంది. మూడో వాటాలో రాజేష్ ప్రయోగాలు. ఏం ప్రయోగాలో ఎవరూ అడగలేదు, ఏమీ తేలనూ లేదు.

మామిడి సీజను మొదలైన వారానికి రోగం మొదలైంది. ఆన్ చేసిన ఐదు నిమిషాలకో పది నిమిషాలకో తెర నీలంగా మారి మెషీను చచ్చిపోతుంది. మళ్ళీ లేపితే లేస్తుంది, మళ్ళీ పడుతుంది. రాజేష్ చేయని వైద్యం లేదు. ప్రాసెసరు వాటా పెంచాడు, తగ్గించాడు. సాఫ్ట్‌వేరు కొత్తది వేశాడు, నచ్చక పాతది వేశాడు. కొత్త డిస్కు తెప్పించాడు. ఏ వీడియోలో ఎవడు ఏం చెబితే అది చేశాడు. చేసినవేవీ ఒక కాగితం మీద రాసుకోలేదు, అందువల్ల చేసినవే మళ్ళీ చేశాడు. చివరికి తెలుగు ఫాంట్ల మీద పడ్డాడు.

సర్వరు ఉండేది మాగేసే గదిలో. ఇంటి వెనక గోడౌనులో, కోసిన కాయలను ట్రేలలో పేర్చి పండబెట్టే గది అది. మందపాటి తలుపులు, లోపల పెద్ద ఏసీ, గోడకు పండబెట్టే గ్యాసు మెషీను, దాని పక్కనే అద్దాల చట్రంలో సర్టిఫికెట్టు. సర్వరుకు చల్లదనం కావాలి, కాయలకూ చల్లదనం కావాలి, రెండు ఏసీలు ఎందుకు దండగ అని రాజేష్ దాన్ని తెచ్చి ఆ గదిలో మూలనున్న ఇనుప ర్యాకు మీద పెట్టాడు. తన జీవితంలో తను చేసిన అతి తెలివైన పని అదేనని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. చూసినవాళ్ళు "భలే" అని, రెండు పండ్లు చేతిలో పట్టుకుని పోయేవారు.

శనివారం పొద్దున సుసన్నా ఆ గదిలో స్టూలు మీద కూర్చుని ఆఫీసు మెషీను ఆన్ చేసింది. పెన్‌డ్రైవు పెట్టి పుస్తకాన్ని కాపీ కొట్టింది. సగం పోయిందో లేదో తెర నీలమైంది. కాగితం మీద రాసుకుంది: ఆరు నిమిషాలు, ఫలానా ఎర్రరు. మళ్ళీ లేపింది. నాలుగు నిమిషాలు, వేరే ఎర్రరు. మూడోసారి తొమ్మిది నిమిషాలు. ఈసారి కాపీ పూర్తయింది కానీ ఫైలు తెరుచుకోలేదు. ఎర్రరు మళ్ళీ వేరే. పడిన ప్రతిసారీ లోపలున్న పుస్తకానికి ఇంకో దెబ్బ తగులుతుందని ఆమెకు తెలుసు. నాలుగోసారి ఆ మెషీను జోలికి పోకుండా కెమెరాల మెషీనును ఆన్ చేసి చూసింది. అదీ పడిపోయింది.

పదకొండింటికి రాజేష్ వచ్చాడు, చేతిలో కాఫీ గ్లాసుతో.

"ఫాంట్లు పీకేశావా?"

"లేదండీ. కెమెరాల మెషీన్లో తెలుగు ఫాంటు లేదండీ. అదీ పడిపోయింది."

"ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పాకుతుంది."

"ఫాంటా అండీ?"

"లోడు, లోడు! నీకర్థం కాదులే. ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలు. మీ తెలుగుకి గుణింతాలు, ఒత్తులు, చెత్తాచెదారం. సిస్టం ఎంతని మోస్తుంది?"

మీ తెలుగు అన్నాడు. అతను పుట్టి పెరిగిందీ, ఆ తిట్టు తిట్టిందీ తెలుగులోనే. సుసన్నా ఆ సంగతి ఎత్తలేదు. కాగితం చూపించింది.

"ఒక్కోసారి ఒక్కో ఎర్రరు వస్తోందండీ. ఇలా వస్తే ముందు మెమరీ ఊడదీసి చూడమని మా మేడం చెప్పేవారు. పెట్టె ఒకసారి విప్పుదామండీ."

"మీ మేడం ఎన్ని సర్వర్లు బిగించింది?"

"మాకు పాఠం చెప్పేవారండీ."

"ఆఁ, పాఠం. అది బ్రాండెడ్ మెమరీ, ఏడాది కూడా కాలేదు. నీ చెయ్యి పడిందంటే వారంటీ పోద్ది. ముట్టుకోకు."

ఇంతలో సుబ్రహ్మణ్యం గారు తలుపు తోసుకుని వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో చెయిను. ఆయనకు కంప్యూటరుకూ కరెంటు మోటారుకూ తేడా తెలియదు కానీ కొడుకు ముఖం చూస్తే పని అయిందో లేదో తెలుస్తుంది.

"నిమ్మకాయ మార్చారా?"

"మార్చానండీ," అంది సుసన్నా.

"మరింకా పడిపోతందేంటి?"

"ఈ అమ్మాయి చేత కట్టిస్తే పడిపోక ఏం చేస్తుంది నాన్నా? వాళ్ళకి దిష్టి మీద నమ్మకం లేదుగా," అన్నాడు రాజేష్.

ఇంజినీరింగు చదివినవాడు మరి. సర్వరు పడిపోవడానికి ఫాంట్లు ఒక కారణం, నిమ్మకాయ కట్టిన చెయ్యి ఇంకో కారణం. పెట్టె విప్పి చూడటం మాత్రం అతని శాస్త్రంలో లేదు.

మూడింటికి సుసన్నా ఇంటికి వచ్చేసింది. తాతయ్య వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. దగ్గర కూర్చుని మంచినీళ్ళ గ్లాసు నోటికి అందించబోతే, ఆయన గ్లాసు వదిలేసి ఎడమచేత్తో ఆమె చున్నీ పట్టుకున్నాడు. ముక్కు దగ్గరకు లాక్కున్నాడు. ముఖం చిట్లించాడు. పెదవులు అటూ ఇటూ కదిలించి, నాలుగు నెలల తర్వాత ఒక కొత్త మాట అన్నాడు.

"వె... ల్లు... ల్లి."

లోపల బియ్యం ఏరుకుంటున్న భాగ్యవతి చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. సుసన్నా తల్లి ఆమె, సలోమోనుకు కూతురు.

"ఏమన్నాడే? మా నాన్న మాట్లాడాడా? వెల్లుల్లి అన్నాడా? ప్రభువా, స్తోత్రం! వెల్లుల్లి కారం అడుగుతున్నాడే! ఉండు నాన్నా, రెండు నిమిషాలు."

రెండు నిమిషాల్లో వెల్లుల్లి కారం, వేడి అన్నం, నెయ్యి వచ్చాయి. తాత కంచం తోసేశాడు. "కాదు," అన్నాడు. "వెల్లుల్లి."

"ఇది వెల్లుల్లే నాన్నా."

"కాదు!"

ఆదివారం పొద్దున ఆరాధనకు పోయే ముందు భాగ్యవతి వెల్లుల్లి పచ్చడి నూరింది. చర్చిలో నలుగురికీ చెప్పింది, మా నాన్నకు మాట వస్తోంది, ప్రార్థన చేయండి అని. తిరిగొచ్చి పచ్చడి పెడితే ముసలాయన మళ్ళీ తోసేశాడు. ఈసారి వేలెత్తి దండెం వైపు చూపించాడు. నిన్నటి చున్నీ ఉతక్కుండానే దాని మీద వేలాడుతోంది.

"నీ చున్నీకి పచ్చడేమన్నా అంటిందేమోనే, చూడు," అంది తల్లి.

సుసన్నా దాన్ని తెచ్చి వాసన చూసింది. మామిడిపండ్ల వాసన వచ్చింది. ఇంకేమీ తెలియలేదు. ఎనిమిదో తరగతి నుంచి హాస్టళ్ళలో చదివిన ముక్కు అది. భాగ్యవతి లాక్కుని వాసన చూసి, చటుక్కున దూరంగా పెట్టింది.

"ఏమే, ఇది కార్బైడు కంపు కదా!"

"ఏంటమ్మా?"

"కార్బైడే! చెమ్మ తగిలితే అచ్చం పాడైన వెల్లుల్లి కంపు కొడుతుంది. పోయినేడు నేను కూలికి పోయిన షెడ్డులో పొట్లాలు కట్టించినప్పుడు నా చేతులు బొబ్బలెక్కలా? మూడు రోజులు ఆ కంపుతో అన్నం సయించలేదు. అది గవర్నమెంటు ఒద్దన్న మందు. మీ సారు వాళ్ళు వాడరన్నావుగా? గోడకి సర్టిఫికెట్టు కూడా ఉందన్నావు?"

"ఉందమ్మా."

"సర్టిఫికెట్టు గోడకి. కార్బైడు కాయలకి," అంది భాగ్యవతి. "పెద్ద మనుషులు!"

తాతయ్య "ఊఁ" అని మంచం మీద వెనక్కి వాలాడు. రెండు రోజులుగా పచ్చళ్ళు పెట్టి చంపుతున్న కూతురికి ఇప్పటికి అర్థమైందన్న నిస్పృహ ఆ మూలుగులో ఉంది.

సుసన్నా మాత్రం తన మెడలోని గొలుసు తీసి చూసుకుంటోంది. ఈస్టరుకు కొనుక్కున్న బంగారుపూత గొలుసు. లోపలంతా రాగి. నెల రోజుల్లో మసిబారి నల్లగా అయిపోయింది. కొట్టువాడు మోసం చేశాడని తిట్టుకుంది అప్పట్లో. ఫోనులో వెతికింది. కార్బైడు నుంచి వచ్చే గ్యాసులో కలిసి ఉండే కల్తీ, చెమ్మతో చేరితే రాగిని తినేస్తుందని రాసి ఉంది. సర్వరు మెమరీ కార్డుకు అంచున వరసగా పళ్ళు ఉంటాయి. పైన పల్చటి బంగారు పూత, లోపల రాగి. గొలుసూ అదీ ఒకే జాతి. ఆ పళ్ళు చెడితే మెమరీ చెప్పిన మాట ఒకటి, విన్న మాట ఒకటి. పునాదే అబద్ధమాడుతుంటే పైనున్న మూడు వాటాలూ కూలక ఏం చేస్తాయి?

మధ్యాహ్నం రెండింటికి ఆమె సుబ్రహ్మణ్యం గారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. రాజేష్ లోపల క్రికెట్ చూస్తూ బిర్యానీ తింటున్నాడు.

"ఆదివారం వచ్చావేంటమ్మాయ్?"

"సార్, మాగేసే గదిలో కార్బైడు పెడుతున్నారా అండీ?"

ఆయన కుర్చీలో నిటారుగా లేచి కూర్చుని, ముందు వీధి వైపు చూశారు, తర్వాత ఆమె వైపు చూశారు.

"మెల్లగా మాట్లాడు. ఎవరు చెప్పారు నీకు?"

"మా తాతయ్యండీ."

"ఆయనకి మాట పడిపోయిందన్నావుగా?"

"ముక్కు పడిపోలేదండీ."

రాజేష్ చెయ్యి నాకుతూ బయటికి వచ్చాడు. సంగతి విని నవ్వాడు. "కార్బైడుకీ కంప్యూటరుకీ ఏంటి సంబంధం? ముసలాయన చెప్పాడంట! ఆయనేమన్నా హార్డ్‌వేర్ ఇంజినీరా?"

సుసన్నా గొలుసు చూపించింది. "కొన్నప్పుడు పచ్చగా ఉందండీ."

"రోల్డుగోల్డు నల్లబడక ఏం చేస్తుంది?"

"అదేనండీ. మీ మెమరీ కూడా రోల్డుగోల్డేనండీ."

అతని నవ్వు ఆగింది. కొడుకుకు అర్థమైందో లేదో కానీ తండ్రికి అర్థమైంది. కంప్యూటరు సంగతి కాదు; ఈ అమ్మాయి వరండాలో నిలబడి కార్బైడు కార్బైడు అని ఇంకో పది నిమిషాలు మాట్లాడితే ఏమవుతుందో ఆయనకు అర్థమైంది.

"ఆ పెట్టె బయటికి తెచ్చి విప్పి చూపించరా. ఈ గోల వదిలిపోద్ది," అన్నారు.

"వారంటీ నాన్నా..."

"నీ వారంటీ తగలెయ్య. తే!"

సర్వరును వరండాలోకి తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కపలక విప్పగానే ఆ వెల్లుల్లి కంపు, ఈసారి సుసన్నా ముక్కుకు కూడా అందింది. ఆమె మెమరీ కార్డులు రెండూ ఊడదీసి వెలుగులో పెట్టింది. ఒకదాని పళ్ళు మసిపట్టి ఉన్నాయి. రెండోదాని పళ్ళు కొన్ని ఆకుపచ్చగా పుచ్చి, పూత లేచిపోయి ఉన్నాయి. రాజేష్ ఒకసారి చూసి, చూడనట్టు ఫోనులోకి చూసుకున్నాడు.

పెన్సిలు రాత చెరిపే రబ్బరు ఆమె సంచిలోనే తెచ్చుకుంది. మొదటి కార్డు పళ్ళను మెల్లగా రుద్దింది. మసి పోయి పసుపు తేలింది. మెత్తటి పొడిగుడ్డతో తుడిచింది. పుచ్చిన కార్డును పక్కన పెట్టేసి, బాగైన ఒక్కదానితోనే పెట్టె బిగించి, మెమరీ పరీక్ష పెట్టింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆమె నిలబడే ఉంది. కుర్చీలు రెండే ఉన్నాయి, రెండింటిలోనూ వాళ్ళున్నారు. పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు. మిగతా రెండు వాటాలకూ తాళం వేసి ఆఫీసు మెషీను ఒక్కదాన్నే లేపింది. ఐదు నిమిషాలయింది. పది అయింది. అరగంటయింది. తెర నీలం కాలేదు.

"నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా, మెమరీ అని," అన్నాడు రాజేష్.

సుసన్నా వినిపించుకోలేదు. పెన్‌డ్రైవు పెట్టి పుస్తకాన్ని కాపీ చేసింది. ఒకసారి చేసి, పేరు మార్చి రెండోసారి చేసింది. ఈ పెన్‌డ్రైవు సర్వరుకు తగిలినందుకు ఇవాళ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆమె సంచి సర్దుకుంటుంటే సుబ్రహ్మణ్యం గారు గొంతు సవరించుకున్నారు. మాటలో తేనె కలిపారు.

"మంచి పని చేశావమ్మా. తెలివైనదానివి. ఈ కార్బైడు సంగతి... అందరూ చేసేదే. ఏదో అర్జంటు లారీ ఉన్నప్పుడు నాలుగు పొట్లాలు. బయట అనకేం?"

"నేను పనిగట్టుకుని ఎవరికీ చెప్పనండీ. కానీ అడిగితే చెప్పాలి కదండీ."

"ఎవడడుగుతాడు?"

"కొనేవాళ్ళు అడుగుతారండీ. రోజూ ఫోను నేనేగా ఎత్తేది. 'కార్బైడు లేదు కదమ్మా, ఇంట్లో చంటిపిల్లలున్నారు' అంటారు. లేదండీ, సర్టిఫికెట్టుందండీ అని చెబుతున్నాను. ఇన్నాళ్ళూ తెలియక చెప్పాను. ఇప్పుడు తెలిసింది కదండీ."

ఆయన ఆమెను తూకం వేస్తున్నట్టు ఎగాదిగా చూశారు. అంత వ్యాపారం చేసిన మనిషికి ఇలాంటి వస్తువు ఎప్పుడూ తగలలేదు; దేనికి పనికొస్తుందో, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"అయితే రేపట్నుంచి ఫోను నువ్వు ఎత్తక్కర్లేదులే," అన్నారు.

"ఆఫీసుకి..."

"ఆఫీసుకి కూడా."

"సరేనండీ," అంది సుసన్నా. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రాజేష్ గారూ, దాన్ని మళ్ళీ ఆ గదిలో పెట్టకండి."

"నాకు తెలుసు," అన్నాడు రాజేష్. అతను ఆ సాయంత్రమే దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ గదిలోనే పెట్టాడని తర్వాత తెలిసింది. వరండాలో ఏసీ లేదు కదా.

సోమవారం పొద్దున సర్వరును తుడిచేసే వేళకు సుసన్నా నూజివీడులో ఇమ్మానుయేల్ జిరాక్సు షాపులో ఉంది. చర్చి కరపత్రాలు వేసే ఇమ్మానుయేల్ దగ్గర ఆ పాత తెలుగు సాఫ్ట్‌వేరు ఇంకా బతికే ఉంది. ఫైలు తెరుచుకుంది. మొదటి చెట్టు, రెండో చెట్టు, వందో చెట్టు, అక్షరం పొల్లుపోలేదు. మూడు వందల డెబ్బై ఒకటో చెట్టు తర్వాత అక్షరాలు ఆగిపోయాయి. అక్కడి నుంచి చివరిదాకా ఖాళీ చతురస్రాలు, ప్రశ్నార్థకాలు. ఆమె తెచ్చిన రెండు కాపీలూ అంతే. ఆ చెడ్డ నెలలో మెమరీ తప్పుగా చెప్పినదాన్ని రెండు డిస్కులూ ఒకేలా, శ్రద్ధగా రాసుకున్నాయి. రాజేష్ గారి బ్యాకప్పు.

ముప్ఫై ఐదు చెట్లు పోయాయి.

"ఇదంతా అచ్చు తీసివ్వు అన్నా," అంది సుసన్నా. "రెండు కాపీలు. కాదు, మూడు."

ఇంటికొచ్చి తాతయ్య మంచం పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. ఒక్కో చెట్టుకూ ఆయన "ఊఁ" అన్నాడు. అక్కడక్కడా "కాదు" అన్నాడు. ఆమె టైపు తప్పులవి; పెన్నుతో దిద్దుకుంది. మూడు వందల డెబ్బై ఒకటి అయ్యాక ఆగింది. ఆయన ఎదురు చూశాడు.

"మిగతావి పోయాయి తాతయ్యా. నాకు గుర్తున్నవి చెబుతాను. సరా?"

ఆ రోజంతా కూర్చుని తొమ్మిది చెట్లు గుర్తు తెచ్చుకుంది. ఎనిమిది సగం సగం వచ్చాయి. తోట గుర్తుంటే పుల్ల గుర్తులేదు, పుల్ల గుర్తుంటే మనిషి గుర్తులేదు. తొమ్మిదోది మాత్రం మాట పోకుండా ఉంది. నాలుగు వందల ఆరోది. పక్షవాతానికి ముందు వచ్చిన ఆఖరి ఆదివారం తాతయ్య చెప్పినది.

ముసునూరు దాటాక చెరువు కట్ట వైపు తోటలో, బావి దగ్గర, చిన్న రసం చెట్టు. దాన్ని కట్టింది పరదేశి అనే ఆవిడ. అప్పట్లో ఆడవాళ్ళు కడితే అంటు అతకదనేవారు. ఆడమనిషి అంటు తగిలితే మొక్క మాడిపోతుందనేవారు. పరదేశి భర్త అంట్లు కట్టేవాడు. ఆయనకు క్షయ వచ్చి చేతులు వణుకుతుంటే, తెల్లవారకముందే ఆమె వెళ్ళి కట్లు కట్టి వచ్చేది. పేరు ఆయనది, కట్టు ఈమెది. సలోమోనుకు పదిహేనేళ్ళప్పుడు కత్తి పట్టుకోవడం, నార బిగించడం నేర్పింది ఆమే. నేర్చుకున్నవాడు మాత్రం యాభై ఏళ్ళపాటు, ఎవరడిగినా, నాకు మా గురువుగారు నేర్పారు అని ఆమె భర్త పేరే చెప్పుకున్నాడు. ఆడదాని దగ్గర నేర్చుకున్నానంటే తోటలోకి రానివ్వరని. ఆ ఆఖరి ఆదివారం మాత్రం, "రాయమ్మా," అన్నాడు, "నాకు నేర్పింది ఆయన కాదు, ఆవిడ. పరదేశి. ఇది తప్పకుండా రాయి."

సుసన్నా ఇదంతా చెప్పడం ముగించేసరికి తాతయ్య ఎడమచెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. ఆయన "ఊఁ" అనలేదు, "కాదు" అనలేదు. కళ్ళు తుడవమన్నట్టు ముఖం ఆమె వైపు తిప్పాడు.

ఆమె తుడిచి, అచ్చు కాగితాల చివర పెన్నుతో ఆ చెట్టును మళ్ళీ రాసింది. తక్కిన ఇరవై ఆరు చెట్ల కింద ఎవరి చేతులున్నాయో ఇక తెలిసే దారి లేదు. ఈ ఒక్కటి తెలుసు. ఇది చదివినవాళ్ళకు ఒక మనవి. ముసునూరు వైపు నుంచి వచ్చిన చిన్న రసాలు ఎప్పుడైనా మీ ఇంటికి వస్తే, తినేటప్పుడు ఒక్కసారి పరదేశిని తలుచుకోండి. ఆమె ఇంటిపేరు మాకు తెలియదు. ఫొటో లేదు. తెల్లవారకముందే వెళ్ళి కట్లు కట్టి వచ్చేదని మాత్రం గుర్తుపెట్టుకోండి.